కాపీ క్షణాల్లో, చెక్కు నెలల్లో

అండమాన్‌లోని హోప్ టౌన్ లాంటి చోట కూర్చుని స్వతంత్ర రచయితగా బతకడమంటే సముద్రంతో కంటే గడువులతోనే ఎక్కువ పోరాటం

అది 1872 ఫిబ్రవరి 8. చీకటి పడుతోంది. మౌంట్ హారియట్ మీది నుంచి సూర్యాస్తమయం చూసి దిగివచ్చిన వైస్రాయ్ లార్డ్ మేయో హోప్ టౌన్ జెట్టీ దగ్గర పడవ ఎక్కబోతుండగా కత్తిపోట్లకు గురయ్యారు. పొడిచింది షేర్ అలీ అనే పఠాన్ ఖైదీ. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయ్ మేయో ఒక్కరే. బ్రిటిష్ సామ్రాజ్యాన్ని కుదిపేసిన వార్త అది. కానీ అప్పటికి పోర్ట్ బ్లెయిర్‌కు టెలిగ్రాఫ్ తీగ లేదు. వార్త కూడా మనుషుల్లాగే ఓడెక్కి బంగాళాఖాతం దాటాల్సి వచ్చింది. నెల తిరిగి మూడు రోజులయ్యేసరికి, మార్చి 11న, వైపర్ దీవిలో షేర్ అలీని ఉరితీశారు.

ఇప్పుడు ఆ దూరం లేదు. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్లకు పైగా వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లను కూడా అది కలిపింది. అంతకు ముందు దీవుల ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం దయ. నాలుగు ఫొటోలు మెయిల్‌కు జోడించి, అవి వెళ్లాయో లేదో చూసుకుంటూ పూట గడిపే రోజులు పోయాయి. రెండు వేల పదాల వ్యాసం, పది ఫొటోలు కప్పు టీ చల్లారేలోగా హైదరాబాద్‌కో ఢిల్లీకో లండన్‌కో చేరిపోతాయి.

తిరుగు ప్రయాణంలోనే తేడా. రాత వెళ్లిన వేగంతో డబ్బు రాదు. అచ్చయిన తర్వాత బిల్లు, బిల్లు తర్వాత అకౌంట్స్ విభాగం, ఆ తర్వాత వచ్చే నెల పేమెంట్ జాబితా... ఒక్కో మజిలీలో కొన్ని వారాలు. 2016లో యూపీఐ వచ్చాక కూరగాయల బండి దగ్గర ఇరవై రూపాయలు కూడా రెప్పపాటులో చేతులు మారుతున్నాయి. కాబట్టి ఈ ఆలస్యానికి యంత్రాన్ని తప్పుపట్టే వీలు లేదు. ఏ సంస్థ జీతగాడూ కాకుండా రాసి బతికే మనిషి ఒడిదుడుకులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. పని దొరకదా అన్నది రెండో భయం. చేసిన పనికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియకపోవడం మొదటిది.

అవతలి ఒడ్డు

హోప్ టౌన్ దక్షిణ అండమాన్‌లోని ఫెరార్‌గంజ్ తహసీల్‌లో, రేవుకు ఉత్తరపు ఒడ్డున ఉంది. ఎదుటి ఒడ్డునే రాజధాని. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం దానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టినా నోటి వాడుకలో పోర్ట్ బ్లెయిర్ ఇంకా పోలేదు. మౌంట్ హారియట్ కూడా 2021 అక్టోబర్‌లో మౌంట్ మణిపూర్ అయింది. కళ్లెదుటే కనిపించే నగరానికి రోడ్డు మీద వెళ్లాలంటే చాలా చుట్టు. అందుకే జనం బాంబూ ఫ్లాట్ వచ్చి ఛాథమ్‌కు ఫెర్రీ ఎక్కుతారు. సెక్రటేరియట్ పనికైనా, లైబ్రరీకైనా, ఒక అధికారిని కలవాలన్నా రోజు ఫెర్రీ వేళలను బట్టి నడుస్తుంది. సముద్రం అల్లకల్లోలంగా ఉన్ననాడు అపాయింట్‌మెంట్ గాలికి పోయినట్టే.

గడియారం కూడా రచయితకు ఎదురే తిరుగుతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశానికి ఈ దీవులు దాదాపు పది డిగ్రీలు తూర్పున ఉన్నాయి. వేసవిలో ఉదయం ఐదింటికే తెల్లవారుతుంది, డిసెంబర్‌లో సాయంత్రం ఐదు దాటితే చీకట్లు ముసురుతాయి. మెయిన్‌ల్యాండ్‌లో ఎడిటర్ ఆఫీసుకొచ్చి కంప్యూటర్ తెరిచేసరికి ఇక్కడ సగం పగలు అయిపోతుంది. ‘ఒక్క చిన్న మార్పు’ అంటూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వచ్చేసరికి ఊరు నిద్రకు ఉపక్రమిస్తుంది.

తెలుగు రచయితకు ఇక్కడ పరాయితనం మాత్రం ఉండదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనాభా 3.8 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి చేపల వేటకు, కూలి పనులకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఒక్కో ఇంట్లో ఒక్కో నవలకు సరిపడా కథ ఉంది. అడిగి రాయించుకునే పత్రికే కరువు. అండమాన్ తెలుగువారి మీద వ్యాసం అంటే విశాఖ పాఠకుడికి దూరం, ఢిల్లీ పాఠకుడికి అనవసరం అన్నది ఎడిటోరియల్ సమావేశాల్లో చాలాసార్లు గెలిచే వాదన.

జమాఖర్చు

‘ఫ్రీ లాన్స్’ అన్న మాటను వ్యాప్తిలోకి తెచ్చింది వాల్టర్ స్కాట్ నవల ‘ఐవాన్‌హో’. 1819 చివర్లో వచ్చిన ఆ నవలలో అది ఏ ప్రభువుకూ కట్టుబడకుండా కూలికి పోరాడే బల్లెం వీరుల పేరు. ఇప్పటి ఫ్రీలాన్సర్‌కు బల్లెం బదులు ల్యాప్‌టాప్. స్వేచ్ఛ మాట ఎలా ఉన్నా, కూలి లెక్క మాత్రం అతనే చూసుకోవాలి.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడటానికి ఒక ఉదాహరణ చాలు. రెండు వేల పదాల వ్యాసానికి పదానికి రెండు రూపాయల చొప్పున 4,000 రూపాయలు ఒప్పుకున్నారనుకుందాం. మనుషులను కలవడానికి రెండు రోజులు, ఆఫీసులో కాగితాలు సంపాదించడానికి ఒక రోజు, రాయడానికి రెండు రోజులు, ఎడిటర్ సందేహాలు తీర్చడానికి మరో రోజు. మొత్తం ఆరు రోజులు. ఫెర్రీ, ఆటో, ఫోన్, భోజనాలకు వెయ్యి. పది శాతం పన్ను ముందే కోస్తే నాలుగు వందలు పోయినట్టు. మిగిలింది 2,600. రోజుకు 433 రూపాయలు. ఇందులో వ్యాసం ఆలోచన పంపి జవాబు కోసం ఎదురుచూసిన రోజులు కలపలేదు. జవాబే రాని పది ఆలోచనల మీద పెట్టిన శ్రమా కలపలేదు.

ఆ 2,600 అయినా వచ్చే నెల వస్తే ఇంటి అద్దె గట్టెక్కుతుంది. మూడు నెలల తర్వాత వస్తే ఆ లోపు అప్పు పుడుతుంది. జీతగాడికి, ఫ్రీలాన్సర్‌కు అసలు తేడా మొత్తంలో కంటే తేదీలోనే ఉంది. ఒకే నెలలో మూడు పేమెంట్లు పడి మురిసిపోవడం, తర్వాతి రెండు నెలలు బ్యాంకు ఎస్‌ఎంఎస్ కోసం ఎదురుచూడటం ఈ వృత్తిలో మామూలు. ప్రావిడెంట్ ఫండ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు, జ్వరం వస్తే ఆ వారం ఆదాయం సున్నా. పెద్ద జబ్బయితే చాలాసార్లు చెన్నై దాకా పోక తప్పని దీవుల్లో ఆ సున్నా విలువ మరీ ఎక్కువ. జర్నలిస్టుల పని గంటలకు, సెలవులకు, వేతనాలకు రక్షణగా 1955లో వచ్చిన వర్కింగ్ జర్నలిస్టుల చట్టం కూడా పత్రికలో ఉద్యోగం చేసేవారి కోసం తెచ్చిందే. బయటి నుంచి వ్యాసం పంపేవాడు దాని పరిధిలోకి రాలేదు.

ఇంకో వింత కూడా ఉంది. హోప్ టౌన్‌కు పైనున్న కొండ మీది నుంచి కనిపించే నార్త్ బే దృశ్యం పాత 20 రూపాయల నోటు వెనక అచ్చయి దేశమంతా జేబుల్లో తిరిగింది. ఆ దృశ్యాన్ని మాటల్లో పెట్టేవాడికి పదానికి ఎంత అన్నది మాత్రం ఇంకా బేరమే.

అమ్ముడయ్యేది ఏది?

అండమాన్ పేరు చెబితే మెయిన్‌ల్యాండ్ ఎడిటర్లకు గుర్తొచ్చేవి నాలుగైదే: సెల్యులార్ జైలు, బీచ్‌లు, సునామీ, జారవాలు, సెంటినలీలు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ప్రపంచ మీడియా దీవుల మీదికి వచ్చిపడింది. కొన్ని వారాలకే వెళ్లిపోయింది. ఉప్పునీరు చేరిన పొలాలు, తాత్కాలిక షెడ్లలో గడిచిన ఏళ్లు అక్కడే ఉన్న రచయితలకు మిగిలాయి. అప్పటికి ‘ఆ కథ అయిపోయింది’.

బాగా ధర పలికే కథే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. అండమాన్ ట్రంక్ రోడ్డు జారవాల అభయారణ్యం మధ్య నుంచి వెళ్తుంది. ఆ దారిలో జారవా మహిళల చేత డ్యాన్స్ చేయించిన వీడియో 2012 జనవరిలో బ్రిటన్ పత్రిక ద్వారా బయటికి వచ్చి దుమారం రేగింది. ఆదిమ జాతుల రక్షణకు 1956లో తెచ్చిన నిబంధనలను అదే ఏడాది కఠినం చేశారు. అనుమతి లేకుండా రిజర్వ్‌లోకి అడుగుపెట్టినా, ఫొటోలు, వీడియోలు తీసినా జైలే. 2018 నవంబర్‌లో నార్త్ సెంటినల్ దీవికి రహస్యంగా వెళ్లిన అమెరికన్ యువకుడు ప్రాణాలు కోల్పోయినప్పుడు, 2025 మార్చిలో మరో అమెరికన్ అదే దీవి మీద కాలుపెట్టి అరెస్టయినప్పుడు ఆ కథలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. బాహ్య ప్రపంచం మోసుకొచ్చే రోగాలకు తట్టుకునే శక్తి లేని మనుషుల దగ్గరికి కెమెరాతో వెళ్లకపోవడం ఇక్కడి రచయితకు చట్టమే కాదు, కనీస మర్యాద కూడా. ఆ మర్యాదకు ఎవరూ పారితోషికం ఇవ్వరు.

నిజంగా రాయాల్సిన పెద్ద కథ ఖర్చుతో కూడినది. దాదాపు 72 వేల కోట్ల రూపాయల గ్రేట్ నికోబార్ ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. కంటెయినర్ పోర్టు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ కలిపి అడవిని, షోంపెన్, నికోబారీల బతుకును మార్చేసే వ్యవహారం అది. హోప్ టౌన్ నుంచి కూడా గ్రేట్ నికోబార్ దగ్గరేమీ కాదు. ఓడలో రోజుకు పైగా ప్రయాణం, టికెట్ దొరకడం ఒక పరీక్ష, నికోబార్ జిల్లాలో కాలుపెట్టడానికి ముందస్తు అనుమతి. అంతా కలిపి రెండు వారాలు. నాలుగు వేల రూపాయల వ్యాసానికి రెండు వారాలు పెట్టగల ఫ్రీలాన్సర్ ఎవరు? చివరికి ఆ కథను పెద్ద సంస్థ విమానంలో పంపిన విలేఖరి రాస్తాడు, లేదా ఎవరూ రాయరు. చిల్లర పారితోషికం రచయిత కడుపునే కాదు, పాఠకుడికి ఏ వార్త అందాలన్నదాన్ని కూడా తేల్చేస్తుంది.

డబ్బు ముందు సమకూరితే ఏం జరుగుతుందో చెప్పే ఉదాహరణ తెలుగువారి ఇంట్లోనే ఉంది. మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన పాలగుమ్మి సాయినాథ్, మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి మనుమడు, 1993లో ఫెలోషిప్ తీసుకుని దేశంలోని అత్యంత పేద జిల్లాల్లో తిరిగారు. ఆ రిపోర్టుల సంపుటి ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్’ 1996లో వెలువడింది. పల్లెల గురించి రాసే తీరునే మార్చిన పుస్తకం అది. ప్రతిభ ఆయనదే. తిరగడానికి కావాల్సిన నెలలను మాత్రం ఆ ఫెలోషిప్ కొనిపెట్టింది.

పాత అప్పులు

రాతతో బతకబోయిన తెలుగువారి చరిత్రంతా ఇలాంటి బేరాల చరిత్రే. ‘మహాప్రస్థానం’ కవితలను శ్రీశ్రీ ప్రధానంగా 1930లలో రాశారు. పుస్తకంగా వచ్చింది 1950లో. తెలుగు కవిత్వం దారి మార్చిన పుస్తకం అచ్చుకు దాదాపు పదేళ్లు కాచుకుంది. అదే 1950లో ‘ఆహుతి’ అనే డబ్బింగ్ సినిమాకు మాటలు, పాటలు రాయడంతో ఆయన సినిమా జీవితం మొదలైంది. మహాకవికి కూడా పొయ్యి వెలిగించింది పెదాల కదలికకు సరిపడేలా రాసిన మాటలే. కొవ్వలి లక్ష్మీనరసింహారావు మరో దారి పట్టారు. చవక ధర నవలలు వరసపెట్టి రాసి, వెయ్యి నవలల రచయితగా పేరు తెచ్చుకున్నారు. రేటు తక్కువైనప్పుడు సంఖ్య పెంచడం ఒక్కటే మార్గమని ఆయనకు బాగా తెలిసి ఉండాలి.

ముళ్లపూడి వెంకటరమణ ‘ఆంధ్రపత్రిక’లో ఉద్యోగం వదిలి సినిమా రచనలోకి వచ్చారు. 1962లో వచ్చిన ‘రక్తసంబంధం’తో సంభాషణల రచయితగా పేరు తెచ్చుకున్నారు. అప్పుల మీద ఆయన రాసిన ‘ఋణానందలహరి’కి తెలుగు హాస్యంలో సాటి లేదు. చేబదులు అడిగేవాడిని కథానాయకుడిని చేసి లోకాన్ని నవ్వించడానికి, నెలాఖరు కష్టం తెలిసిన కలమే కావాలి.

ఆ తరానికి ఒక వెసులుబాటు ఉండేది. వారపత్రికలు, మాసపత్రికలు చాలా ఉండేవి. ఒకచోట తిరిగొచ్చిన కథ మరోచోట అచ్చయ్యేది. 1908లో మొదలైన ‘ఆంధ్రపత్రిక’ 1991లో మూతపడింది. 1947లో పుట్టిన ‘చందమామ’ 2010 దశకంలో ఆగిపోయింది. 2020 లాక్‌డౌన్ పత్రికల పేజీలను మరింత కుదించింది. ఆ ఖాళీని వెబ్‌సైట్లు, ఓటీటీ స్క్రిప్టులు, ఆడియో కథలు, అనువాదాలు కొంత పూడ్చాయి. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక అందులోనూ పోటీ మొదలైంది. ‘అండమాన్‌లో చూడాల్సిన పది ప్రదేశాలు’ లాంటి రాతలను యంత్రం క్షణంలో వండేస్తోంది. ఫెర్రీ దిగి, చేపల రేవులో నిలబడి, ఈ ఏడు వేట ఎందుకు తగ్గిందని అడిగి రాసే పని ఇంకా మనిషి చేతిలోనే ఉంది. అయితే టూరిస్టు రాతల డబ్బుతోనే రేవు కథలు రాయగలిగేవారు చాలామంది. మొదటిది పోతే రెండోదానికి పెట్టుబడి పోయినట్టే.

చట్టం ఉంది, అడిగేదెవరు?

ఫ్రీలాన్సర్ చేతిలో ఏమీ లేదనుకుంటే పొరపాటు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కాని రచయితే తన రచనకు తొలి హక్కుదారు. ఆ హక్కును బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్లే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. రచయిత మరణం తర్వాత కూడా 60 ఏళ్ల పాటు వారసులకు ఆ హక్కు ఉంటుంది. ఫోన్‌లో ‘వేసుకోండి సార్’ అన్నంత మాత్రాన వ్యాసం శాశ్వతంగా పత్రిక సొత్తు కాదు. దాన్నే పుస్తకంలో చేర్చుకోవచ్చు, మరో భాషకు అమ్ముకోవచ్చు. అన్ని హక్కులూ రాసిచ్చే కాగితం మీద చదవకుండా సంతకం పెట్టినప్పుడే ఆ దారి మూసుకుపోతుంది.

ఆలస్యపు చెల్లింపులకూ మందు ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం సేవలు అందించే ఏకవ్యక్తి వ్యాపారాలకూ వర్తిస్తుంది. 2020 జులై నుంచి ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌లతో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. నమోదైనవారికి ఒప్పుకున్న తేదీలోగా, ఎంత ఒప్పుకున్నా 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకు ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు ఉన్నాయి.

మరి ఎందుకు అడగరు? ఫ్రీలాన్సర్ ఆస్తి అంతా నలుగురైదుగురు ఎడిటర్ల ఫోన్ నంబర్లు. నాలుగు వేల కోసం ఒకరి మీద ఫిర్యాదు చేస్తే ఆ వాకిలి మూసుకుంటుంది. మిగతా ముగ్గురికీ ‘పేచీకోరు’ అన్న సంగతి తెలుస్తుంది. కాబట్టి ఏడు రోజులకు ఒక మర్యాదపూర్వకమైన రిమైండర్, పదిహేను రోజులకు మరొకటి. విచిత్రమేమిటంటే అవతల ఉన్న ఎడిటర్ చాలాసార్లు విలన్ కాదు. వ్యాసం నచ్చి వేసుకున్నవాడే. చెక్కు మీద సంతకం అతని చేతిలో ఉండదు. సంతకం చేసే విభాగానికి రచయిత ఒక వెండర్ కోడ్. ప్రింటర్‌కు, కాగితం సరఫరాదారుకు బాకీ పడితే పత్రిక ఆగుతుంది. రచయితకు బాకీ పడితే ఏదీ ఆగదు.

అనుభవం నేర్పిన ఉపాయాలు కొన్ని ఈ వృత్తిలో చేతులు మారుతుంటాయి. రేటు, పదాల సంఖ్య, చెల్లింపు తేదీ మెయిల్‌లో రాయించుకున్నాకే పని మొదలుపెట్టాలి. వేసుకోకపోయినా కొంత మొత్తం ఇవ్వాలని ముందే మాట్లాడుకోవాలి. ప్రయాణం ఖర్చు పారితోషికంలో కలిపేస్తే ఒప్పుకోకూడదు. వ్యాసంతోపాటే బిల్లు పంపాలి. ఆదాయంలో సగానికి మించి ఒకే సంస్థ నుంచి రాకుండా చూసుకోవాలి. అనువాదమో, ఉపశీర్షికలో, ప్రూఫ్ రీడింగో నెలనెలా వచ్చే చిన్న పని ఒకటి చేతిలో ఉంచుకోవాలి. ఇవి చెప్పినంత తేలిక కాదు. నెలాఖరున అవసరం ముంచుకొచ్చినప్పుడు షరతులన్నీ మరిచి ‘సరే’ అనేసేవారే ఎక్కువ. దూరపు దీవిలో ఉన్నవాడు అందరికంటే త్వరగా ‘సరే’ అంటాడు. ఆఫీసుకు వెళ్లి ఎదురుగా కూర్చునే వీలు అతనికి లేదు కదా.

ఇన్ని చిక్కులున్నా ఈ పనిలో దిగేవారు ఎందుకు ఉంటారన్నదానికి జవాబు తెల్లవారుజామున ఐదింటికి హోప్ టౌన్ ఒడ్డున నిలబడితే కొంత దొరుకుతుంది. పంచ్ కొట్టాల్సిన కార్డు లేదు, సెలవు అడగాల్సిన బాస్ లేడు. ఫెర్రీలో పక్కన కూర్చున్న మనిషి చెప్పే మాట రేపటి వ్యాసం కావచ్చు. ఆ స్వేచ్ఛకు కొంత ధర కట్టాల్సి ఉంటుందని తెలిసే వాళ్లు వస్తారు. ఆరు రోజుల కూలి కోసం తొంభై రోజులు ఎదురుచూడటం ఆ ధరలో భాగం కానక్కర్లేదు. ఏడాది చివర లెక్క చూసుకుంటే చాలామంది ఫ్రీలాన్సర్లకు రాసిన వ్యాసాలకన్నా పంపిన రిమైండర్లే ఎక్కువ తేలతాయి. మెయిన్‌ల్యాండ్ ఆఫీసులు తలచుకుంటే ఆ సంఖ్య తగ్గడానికి ఇంకో కేబుల్ వేయాల్సిన పనేమీ లేదు.